కొండకసింద కంచె పెంచడం ఎలా: హైదరాబాద్ ఇళ్లకు, శివారు ప్లాట్లకు

"ప్రహరీ కట్టలేం, మనుషులూ పశువులూ దూరకుండా ముళ్ల తీగ ఏదైనా చెప్పండి", "సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే తీగ కావాలి", "కొండకసింద గింజలు వేసి రెండు నెలలైంది, ఒక్కటీ మొలవలేదు". తరచూ వచ్చే ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకే మొక్క దగ్గర ఉంది. అందుకే మొత్తం పద్ధతిని ఒకేచోట ఇస్తున్నాం.

కొండకసిందనే మిరపగండ్ర అని కూడా అంటారు. శాస్త్రీయ నామం టొడాలియా ఏషియాటికా. నిమ్మ, మారేడు, కరివేపాకుల కుటుంబమే దీనిదీ. తూర్పు కనుమల అడవుల్లో చెట్ల మీదికి ఎగబాకుతూ పెరుగుతుంది. ముదిరాక కాండం కట్టెలా గట్టిపడుతుంది. తీగ అంటున్నాం గానీ ఇది చిక్కుడులా చుట్టుకోదు, కాకరలా నులితీగలు వేయదు. వంకర ముళ్లను ఆసరాకు తగిలించుకుని పైకి పోతుంది. ఈ ఒక్క లక్షణం గుర్తుంటే కింద చెప్పిన కట్టడం, వంచడం, కత్తిరించడం ఎందుకో అర్థమవుతుంది. కట్టకుండా వదిలేస్తే రెండేళ్లకు మీకు దక్కేది కంచె కాదు, నేలమీద పరుచుకున్న ముళ్లకుప్ప.

ముందు మొక్క అదేనా అని చూసుకోండి

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. నర్సరీలో "కసింద" అని అడిగితే కసివింద ఇస్తారు. అది పసుపు పూలు, పొడవాటి కాయలు కాసే చిన్న మొక్క. దానికి ముళ్లుండవు, కంచెకు పనికిరాదు. "కొండకసింద, ముళ్లతీగ, నిమ్మజాతి" అని మూడు మాటలూ చెప్పి అడగండి. శాస్త్రీయ నామం కాగితం మీద రాసి చూపిస్తే ఇంకా మంచిది.

చేతికి వచ్చిన మొక్కను ఇలా పరీక్షించండి:

ఆకును వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి. నిమ్మతొక్క లాంటి ఘాటు రావాలి. అదే ఆకును వెలుతురుకు అడ్డం పెడితే సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు మెరుస్తాయి. అవి నూనె గ్రంథులు.

ఆకు మూడు రేకులుగా ఉండాలి. మారేడుకూ మూడు రేకులే కదా అంటారు. తేడా తేలికే. మారేడులో మధ్య రేకుకు పొడవైన కాడ ఉంటుంది. కొండకసిందలో మూడు రేకులూ దాదాపు కాడ లేకుండా ఒకేచోట అతుక్కుని ఉంటాయి. మారేడు ముల్లు నిటారుగా, పొడవుగా, ఆకు మొదట్లోనే వస్తుంది. కొండకసింద ముళ్లు చిన్నవి, కొక్కెంలా వంగినవి. అవి కొమ్మంతా, చాలాసార్లు ఆకు అడుగున నడిమి ఈనె మీద కూడా ఉంటాయి. ముదురు కాండం మీద ముళ్లు బెండులాంటి గుబ్బల మీద నిలబడతాయి.

వంకర ముళ్లున్నా ఆకు ఒక్కటే రేకుగా ఉండి, నలిపితే నిమ్మవాసన రాకపోతే అది ఆదొండ కావచ్చు. అదీ మంచి మొక్కే, కానీ ఇది కాదు.

అడవిలో కనిపించిందని మొక్క పెకలించి తెచ్చుకోకండి. కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానం. నల్లమలలో పెద్ద భాగం పులుల అభయారణ్యం. అలాంటి చోట్ల మొక్కలు తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా ముదురు వేరు తెగిన మొక్క తెచ్చి నాటినా బతకడం కష్టం. మొక్కల నర్సరీ నుంచో, ఇప్పటికే పెంచుతున్నవాళ్ల తోట నుంచో గింజలు, కొమ్మలు తీసుకోండి.

కావలసినవి (30 అడుగుల కంచెకు)

మొక్కకూ మొక్కకూ 3 అడుగుల దూరం పెడితే 11 మొక్కలు పడతాయి. నాలుగు అదనంగా, అంటే 15 మొక్కలు చేతిలో ఉండేలా చూసుకోండి. కొమ్మలతో మొదలుపెడితే కనీసం 40 కొమ్మలు గుచ్చాలి, ఎందుకంటే అన్నీ వేరు వేయవు.

6×8 అంగుళాల నర్సరీ కవర్లు, ఎర్రమట్టి, దొడ్డు ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, వేపపిండి, కోకోపీట్, వేర్ల పొడి (వేరు పుట్టించే ఐబీఏ అనే హార్మోన్ 3000 పీపీఎం ఉన్నది, ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది), సగం నీడనిచ్చే గ్రీన్ నెట్, సుతిలి తాడు, ఐదు స్తంభాలు, జీఐ తీగ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనప తీగ) కావాలి.

వీటన్నిటికన్నా ముందు కొనాల్సినవి తోలు గ్లోవ్స్, కళ్లద్దాలు. తోటపనికి అమ్మే పల్చటి రబ్బరు గ్లోవ్స్ ఈ ముళ్ల ముందు నిలవవు. వెల్డింగ్ పనివాళ్లు వాడే మోచేతి దాకా వచ్చే తోలు గ్లోవ్స్ తీసుకోండి. మందపాటి నిండు చేతుల చొక్కా వేసుకోండి. ముల్లు బట్టకు పట్టుకుంటే మీవైపు లాక్కోకండి, లాగినకొద్దీ లోపలికి దిగుతుంది. చేతిని తిరిగి మొక్కవైపే కాస్త జరిపితే కొక్కెం దానంతటదే ఊడుతుంది.

దారులు మూడు, మీకేది నప్పుతుంది?

గింజలతో ఖర్చు తక్కువ, వేరు లోతుగా పోతుంది. కానీ మొలక ఆలస్యం, పైగా ఏది మగమొక్కో ఏది ఆడమొక్కో పూసేదాకా తెలియదు. ఈ జాతిలో మగపూలు ఒక మొక్కకు, ఆడపూలు ఇంకో మొక్కకు వస్తాయి. కొమ్మలతో తల్లి మొక్క గుణమే వస్తుంది, పండ్లు కావాలంటే కాసిన మొక్క కొమ్మే తీసుకోవచ్చు. నేలంటు, అంటే కొమ్మను తల్లి మొక్క నుంచి కోయకుండానే నేలలో వేరు పట్టించడం, అన్నిటికంటే నమ్మకమైనది, కానీ పక్కనే పెరిగిన మొక్క ఉండాలి. కంచె కోసమైతే గింజలు, కొమ్మలు కలిపి పెంచడమే మా సలహా. అన్నీ ఒకే తల్లి కొమ్మలైతే అన్నీ మగవే అయిపోయి ఒక్క పండూ చూడకపోవచ్చు.

దశ 1: గింజలు వేయడం

పండు బఠాణీ గింజంత ఉంటుంది. పచ్చరంగు పోయి పూర్తిగా నారింజ రంగుకు తిరిగాకే కోయండి. పచ్చికాయల గింజలు మొలవవు.

గుజ్జును నీళ్లలో చేత్తో పిసికి గింజలు వేరుచేయండి. గుజ్జు జిగట వదిలేదాకా రెండు మూడు నీళ్లు మార్చి కడగండి. ఆ జిగట మిగిలితే బూజు పట్టి గింజ కుళ్లుతుంది. తేలిన తాలు గింజలు పారేసి, మునిగినవి మాత్రం ఒక రాత్రి మామూలు నీళ్లలో నానబెట్టండి.

ఎండలో ఆరబెట్టి డబ్బాలో దాచకండి. మిరప, బెండ గింజల అలవాటుతో చాలామంది చేసే తప్పు ఇదే. పండు కోసిన వారంలోపు మట్టిలో పడాలి.

ఒక పాలు ఇసుక, ఒక పాలు కోకోపీట్ కలిపిన మిశ్రమంలో గింజను అర అంగుళం లోతున వేసి, నీడలో పెట్టి, తడి ఆరకుండా చూడండి. చిత్తడి మాత్రం వద్దు. పిడికిట నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. అదీ కొలత.

ఇక ఓపిక పట్టాలి. నెలకు రాలేదని ట్రే తిరగబోయకండి. గింజలు ఒకేసారి మొలవవు, ఒకటి ముందు, ఇంకొకటి ఎంతో వెనక వస్తాయి. మూడు నెలలు ఆగండి. అనుమానమొస్తే ఒకే ఒక్క గింజ తీసి గోరుతో నొక్కండి. గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, మెత్తగా చితికితే కుళ్లినట్టు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం గింజలు వేయకండి, పైమట్టి పొద్దున తడిపితే మధ్యాహ్నానికి ఎండిపోతుంది.

మొలకకు నాలుగు ఆకులు వచ్చాక నర్సరీ కవర్లోకి మార్చండి. కాడ పట్టుకుని లాగకుండా చెంచాతో వేరు కింద మట్టితో సహా ఎత్తండి.

దశ 2: కొమ్మలతో

జులై, ఆగస్టు అనువైన కాలం. గాలిలో తేమ ఉంటుంది, ఎండ మెత్తబడుతుంది. లేత పచ్చ కొమ్మ వాడిపోతుంది, బెండు గుబ్బలు తేలిన ముదురు కాండం వేరు వేయదు. రెండిటి మధ్యది, పెన్సిలంత మందం ఉన్నది, వంచితే వంగి ఆ తర్వాతే విరిగేది ఎంచుకోండి.

6 నుంచి 8 అంగుళాల ముక్కలుగా, ఒక్కోదానికి మూడు నాలుగు కణుపులు ఉండేలా కోయండి. కింది కోత ఏటవాలుగా, కణుపుకు సరిగ్గా కింద ఉండాలి. పై కోత అడ్డంగా ఉంటే తలకిందులుగా గుచ్చే పొరపాటు జరగదు. కింది రెండు కణుపుల దగ్గర ఆకులు, ముళ్లు గీరేసి, పైన రెండు ఆకులు సగానికి కత్తిరించి ఉంచండి. కొనను వేర్ల పొడిలో అద్ది, అదనపు పొడి తట్టి దులిపేయండి. పొడి ఎక్కువైతే కొన నల్లబడి చస్తుంది. కవర్లో పుల్లతో ముందు రంధ్రం చేసి, అందులో కొమ్మ దింపి, చుట్టూ నొక్కండి. నేరుగా గుచ్చితే పొడంతా పైనే ఊడిపోతుంది.

గ్రీన్ నెట్ కింద ఉంచి రోజుకు రెండుసార్లు పైన తుంపర కొట్టండి. మట్టికి నీళ్లు మాత్రం పైపొర ఆరినప్పుడే పోయాలి.

చిగురు రాగానే బతికిందని సంబరపడకండి. కొమ్మలో దాచుకున్న ఆహారంతోనే ఆ చిగురు వస్తుంది, వేరు లేకపోయినా వస్తుంది. తర్వాత ఒక్క వారంలో వాడిపోతుంది. వేరు పడిందో లేదో చూడటానికి ఆరు వారాల తర్వాత కొమ్మను రెండు వేళ్లతో మెల్లగా పైకి కదిపి చూడండి. ఎదురు లాగినట్టుంటే వేరు పట్టింది. అంతకుముందు కదిపితే అప్పుడే పుట్టిన వేర్లు తెగిపోతాయి. కవర్ అడుగు రంధ్రాల్లోంచి తెల్లటి వేరు కనబడటమే గట్టి గుర్తు. ఎండినట్టు కనిపించే కొమ్మను కూడా వెంటనే పారేయకండి. బెరడును గోరుతో గీరితే లోపల పచ్చగా ఉందంటే ఇంకా ఆశ ఉంది.

దశ 3: నేలంటు

నేలకు దగ్గరగా ఉన్న పొడవాటి కొమ్మను జూన్‌లో వంచండి. నేలకు తాకేచోట అడుగువైపు అంగుళం పొడవున బెరడు గీరి, వేర్ల పొడి అద్ది, రెండు మూడు అంగుళాల లోతు కాలువలో పెట్టి మట్టి కప్పి, పైన రాయి పెట్టండి. కొన బయటే ఉండాలి. వానాకాలం అయ్యేవరకు కదపకండి. వేర్లు కనబడ్డాక తల్లి వైపు ఒకేసారి కోయకుండా, ముందు సగం లోతు కోసి, పదిహేను రోజులాగి మిగతాది కోయండి.

దశ 4: గుంత, మట్టి

ఎక్కడ నాటకూడదో ముందు చెప్పాలి. గేటు పక్కన, పిల్లలు ఆడే చోట, జనం నడిచే దారి అంచున, కరెంటు తీగల కింద నాటకండి. ఆసరా దొరికితే చెట్టు మీదికి ఎన్నో అడుగులు ఎక్కిపోయే మొక్క ఇది. నిమ్మ, బత్తాయి తోట ఉన్నవాళ్లు దీన్ని తోటకు దూరంగా పెట్టుకోవాలి. ఒకే కుటుంబం కాబట్టి ఆ చెట్ల పురుగులు దీని మీదికి, దీనివి వాటి మీదికి రావచ్చు.

గుంత అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. నగరంలో చాలాచోట్ల అడుగు లోతుకే మొరం, దాని కింద బండ తగులుతుంది. కొత్త ప్లాట్లలోనైతే పైన పోసింది మట్టి కాదు, కూల్చిన ఇళ్ల సిమెంటు పెళ్లలు, సున్నం. ఆ పెళ్లలన్నీ ఏరి బయట పడేయాలి. వాటి సున్నం వల్లే తర్వాత ఆకులు పసుపెక్కుతాయి.

తవ్విన గుంతలో బకెట్ నీళ్లు పోసి చూడండి. మూడు నాలుగు గంటల్లో ఇంకితే సరే. తెల్లారినా నీళ్లు నిలిచి ఉంటే కింద బండ ఉన్నట్టు. అక్కడ గుంతలో నాటకండి. నేలమీదే అడుగు ఎత్తు కట్ట పోసి దాని మీద నాటండి. ఈ పరీక్షకు పది నిమిషాల పని కూడా లేదు, అయినా దీన్ని వదిలేసి వేరుకుళ్లుతో మొక్కలు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఎరువు, ఒక పాలు దొడ్డు ఇసుక, గుంతకు 200 గ్రాముల వేపపిండి కలిపి నింపండి.

దశ 5: నాటడం

మృగశిర కార్తె మొదలై, రెండు మంచి వానలు పడి, నేల లోపల చల్లబడ్డాక నాటండి. తొలి చినుకుకే తొందరపడితే ఆ తర్వాత వచ్చే పది రోజుల ఎండకు మొక్క కమిలిపోతుంది. ఆగస్టు సగం దాటాక నాటితే ఎండాకాలానికి ముందు వేరు దిగడానికి వ్యవధి చాలదు.

కవర్ను బ్లేడుతో చీల్చి తీయండి. మట్టి ముద్ద విడిపోకూడదు. కవర్లో ఉన్నప్పుడు కాండం ఎంతవరకు మట్టిలో ఉందో ఇక్కడా అంతే ఉండాలి. కాండం చుట్టూ మట్టి ఎగదోయకండి, బెరడు కుళ్లుతుంది. ఎండుగడ్డి లేదా రాలిన ఆకులు మూడు అంగుళాల మందాన పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి.

దశ 6: కట్టడం, కత్తిరించడం

కంచె కుదురుతుందా లేదా అన్నది ఈ దశలోనే తేలుతుంది. మిగతావన్నీ సరిగ్గా చేసి ఇక్కడ వదిలేస్తే పైన గుబురు, కింద కుక్క దూరేంత ఖాళీ మిగులుతుంది.

8 అడుగులకో స్తంభం పాతి, నేల నుంచి ఒకటిన్నర, మూడు, నాలుగున్నర అడుగుల ఎత్తున మూడు జీఐ తీగలు బిగించండి. మొక్క రెండడుగులు పెరగగానే కొన తుంచేయండి. మనసొప్పదు, అయినా తుంచాలి. కొన పోతేనే కింది కణుపుల నుంచి పక్క కొమ్మలు వస్తాయి. వాటిలో రెండింటిని కుడికీ ఎడమకీ వంచి కింది తీగకు అడ్డంగా కట్టండి. అడ్డంగా పడుకున్న కొమ్మ ప్రతి కణుపు దగ్గరా నిటారుగా చిగురు వేస్తుంది. ఆ చిగుళ్లు మధ్య తీగ దాటగానే వాటి కొనలు తుంచి, మళ్లీ అడ్డంగా కట్టండి. పై తీగకూ ఇంతే.

కట్టేది సుతిలితోనే, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. ఇనప తీగతో బిగించి కడితే ఏడాదికి కాండంలోకి దిగి కోసేస్తుంది.

కొమ్మలు లేతగా ఉన్నప్పుడే వంచండి. కట్టె ముదిరాక వంచితే కణుపు దగ్గర ఫట్‌మని విరుగుతుంది.

కత్తిరించిన ముక్కల సంగతి చాలామంది పట్టించుకోరు. ఎండిన ముల్లు బండి టైరును పంక్చర్ చేస్తుంది, వీధి కుక్క పాదంలో దిగుతుంది. చెత్త ఎత్తే కార్మికులు ఉత్త చేతులతో తీస్తారు. ముక్కలను గోనెసంచిలో వేసి మూతి కట్టి, లోపల ముళ్లున్నాయని వాళ్లకు నోటితో చెప్పి ఇవ్వండి. స్థలముంటే కంచె మొదట్లో ఖాళీల్లోనే కుక్కేయవచ్చు, మొక్క పెరిగేదాకా అవే కాపలా.

నీళ్లు, ఎరువు

మొదటి ఎండాకాలం నాలుగైదు రోజులకోసారి మొక్కకు 10 లీటర్లు, సాయంత్రం పూట పోయాలి. రోజూ చెంబెడు పోసే అలవాటు మానండి, వేరు పైపైనే తిరుగుతుంది. రోహిణి కార్తె ఎండకు మొదటి ఏడాది మొక్కల మీద గ్రీన్ నెట్ కప్పితే మంచిది. రెండో ఎండాకాలం పది రోజులకోసారి చాలు. మూడో ఏటికి వేరు దిగిన మొక్క చాలావరకు తనంతట తానే తట్టుకుంటుంది. ఏటా జూన్‌లో మొక్కకు రెండు కిలోల ఎరువు, 100 గ్రాముల వేపపిండి వేయండి. యూరియా వద్దు, మెత్తటి చిగుళ్లు పొంగి పురుగును పిలుస్తాయి.

మేడమీద కుండీలో పెంచాలనుకునేవాళ్లు 40 లీటర్ల డ్రమ్ము కన్నా చిన్నది పెట్టకండి. అది కూడా నడవని మూలనే పెట్టండి.

ఏం తేడా వస్తుంది, ఎందుకు

కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. బోరు నీళ్లలోని సున్నం, మట్టిలోని సిమెంటు పెళ్లలు కలిసి ఇనుమును వేరుకు అందనివ్వవు. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి, పది రోజులాగి మళ్లీ చేయండి. కొత్త చిగురు పచ్చగా వస్తే మందు పనిచేసినట్టు. పాత ఆకుల రంగు చూసి అంచనా వేయకండి. వాననీళ్లు పట్టుకుని పోయగలిగితే ఈ సమస్య సగం తగ్గుతుంది.

పసుపు కింది ముదురు ఆకులకు వస్తే, మట్టి తడిగా ఉంటే, అది నీళ్లు ఎక్కువైన గుర్తు. ఇనుము పోసి లాభం లేదు, నీళ్లు ఆపండి.

ఆకు మీద వెండి గీతలు మెలికలు తిరిగి ఉంటే ఆకు తొలిచే పురుగు. ఆ ఆకులు తుంచి పారేయండి, మందు అక్కర్లేదు.

ఆకు మీద పిట్టరెట్ట లాంటిది అంటుకుని ఉందా? కడగబోకండి. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల పురుగు కావచ్చు. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు చీలిక కొమ్మొకటి బయటికి తీసి ఘాటు వాసన వదులుతుంది. మనిషికి హాని లేదు. మూడడుగులు దాటిన మొక్క ఆ ఆకుల నష్టాన్ని తేలిగ్గా పూడ్చుకుంటుంది. అంతకన్నా చిన్న మొక్కైతే, పురుగు ఉన్న ఆకును కాడతో సహా తెంపి దగ్గరున్న నిమ్మ మొక్క ఆకుకు తగిలించండి, అది తనే అటు పాకుతుంది. పురుగుమందు కొడితే సీతాకోకచిలుకల కోసం పెంచడంలో అర్థమే లేదు.

పూసినా కాయలేదంటే పూలను దగ్గరగా చూడండి. సన్నటి ఆకుపచ్చ పసుపు పూలలో పుప్పొడి తిత్తులు బయటికి నిక్కి ఉంటే మగవి. మధ్యలో ఆకుపచ్చ గుండు ఉంటే ఆడవి. ఒక రకమే ఉందని తేలితే రెండో రకం కొమ్మ తెచ్చి పక్కన పెంచండి.

వేరు కషాయం గురించి అడిగేవాళ్లకు: ఈ మొక్క వేరు బెరడును జ్వరానికి నాటు వైద్యంలో వాడిన మాట నిజం. ఒకప్పుడు యూరప్‌లోనూ లోపెజ్ వేరు పేరుతో అమ్మారు. కానీ అందులో బలమైన ఆల్కలాయిడ్లు ఉన్నాయి, ఇంట్లో కొలతలు తెలియకుండా కాచి తాగేది కాదు. జ్వరమొస్తే రక్త పరీక్ష చేయించుకోండి. పైగా వేరు తవ్వితే మొక్క పోతుంది.

మూడో జూన్‌లో కంచె వెంట నడుస్తూ ఒక పని చేయండి. ఫుట్‌బాల్ అంత బంతిని నేలబారుగా అక్కడక్కడా కొమ్మల్లోకి కర్రతో నెట్టి చూడండి. బంతి అవతలికి పోయిన ప్రతిచోటా ఒక గుడ్డ పేలిక కట్టండి. ఆ వారమే పక్క మొక్కల కింది కొమ్మలను ఆ ఖాళీల్లోకి వంచి, మూడో దశలో చెప్పినట్టు నేలంటు తొక్కి రాళ్లు పెట్టండి. దీపావళికి అక్కడే కొత్త మొక్కలు వేరు పట్టి ఉంటాయి. వాటిని వేరే చోటికి తీయకుండా అక్కడే ఉంచేయండి.